వేసవి వంటింటి చీటీ
ఉగాది నుంచి మృగశిర దాకా గృహస్థు కొనే సరుకు – వండే వంట

ఫాల్గుణం వెళ్లి చైత్రం రాగానే పచారీ కొట్టుకు వచ్చే చీటీ మారిపోతుంది. శీతకాలమంతా శనగపిండి, గోధుమపిండి, వేపుళ్ల దినుసులు చీటీలో పైన వుండేవి. ఇప్పుడు కొత్త చింతపండు, కొత్త బెల్లం, పెసరపప్పు పైకి వస్తాయి. మరో నెల గడిస్తే మిరపకాయలు, ఆవాలు, మెంతులు, నువ్వుల నూనె, కల్లుప్పు వరసగా చేరతాయి. టోకు వర్తకుడు రాబడులు చూస్తాడు. దళారి ధారణ చూస్తాడు. గోదాము యజమాని నిల్వలు చూస్తాడు. ఈ ముగ్గురి లెక్కా చివరకు తేలేది పొయ్యి దగ్గరే.

ఈ పుటలో రోజూ వచ్చే ధారణల పట్టికను ఒక్క పూట పక్కన పెట్టి, ఆ సరుకు ఇల్లు చేరిన తరువాత ఏమవుతుందో చూద్దాం. వేసవి వంట తేలిక వంట. నూనె తక్కువ, పులుపు ఎక్కువ, పొయ్యి దగ్గర నిలబడే సేపు తక్కువ. అయితే తేలిక వంటలో సరుకు లోపం దాగదు. మసాలా కూరలో పాత పప్పు చెల్లిపోతుంది కాని పచ్చిపులుసులో పుచ్చు చింతపండు చెల్లదు. అందుచేత వేసవి నాలుగు నెలలూ వర్తకునికి పరీక్షాకాలమే.

చింతపండు: కొత్తదా, పాతదా?

ఉగాది పచ్చడితో లెక్క మొదలు. కొత్త చింతపండు నానబెట్టి పలచగా రసం తీసి, కొత్త బెల్లం తురిమి కలిపి, లేత మామిడికాయ ముక్కలు, వేపపువ్వు, ఉప్పు, కాస్త కారమో మిరియాల పొడో వేస్తే పచ్చడి సిద్ధం. తెలంగాణ ఇళ్లలో దీన్ని తాగేటంత పలచగా చేసుకుంటారు. కోస్తాలో కొంచెం చిక్కగా వుంచుతారు. పొయ్యితో పని లేదు. వేసవి వంటల్లో మొదటిదీ ఇదే, అన్నిటికంటె సులువైనదీ ఇదే.

చెట్టు దులపడం మాఘ ఫాల్గుణాల్లో మొదలై చైత్రం దాకా సాగుతుంది. అందువల్ల ఉగాదికి కొత్త పంట బజారులో వుంటుంది. హిందూపురం యార్డులో కరిపులి, ఫ్లవర్ అని రెండు రకాలుగా వేలం సాగుతుందని పాఠకులకు తెలుసు. ఉత్తరాంధ్ర మన్యంలో గిరిజనులు ఏరి తెచ్చే చింతపండును 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొంటుంది. వంటింటి దృష్టి వేరు. పచ్చడికి, పులిహోరకు ఎరుపు డాలున్న కొత్త పండు కావాలి. పప్పుచారుకు, పులుసుకు నల్లబడిన పాత పండైనా ఫరవాలేదు, పులుపు నిలిస్తే చాలు. వేసవి ఎండకు బయట గోదాములో వున్న పండు వేగంగా నల్లబడుతుంది. రంగు నిలవాలంటే శీతల గిడ్డంగికి పోవలసిందే. ఆ అద్దె కలిపి అమ్మేవాడు ఆ సంగతి చిల్లర వర్తకునికి చెప్పి అమ్మితే ఇద్దరికీ మంచిది. ఈనె, పిక్క మిగిలిన పండును పిక్క తీసిన పండు ధరకు అంటగడితే మాత్రం, గిన్నెలో నానబెట్టిన పది నిమిషాలకే గృహిణికి తెలిసిపోతుంది.

పచ్చిపులుసు తెలంగాణలో వేసవికి పెట్టింది పేరు. చింతపండు రసం బాగా పలచగా తీసి, నిప్పుల మీద కాల్చిన పచ్చిమిరపకాయలు గాని ఎండుమిరపకాయలు గాని నలిపి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, ఉప్పు, చిటికెడు బెల్లం, కొత్తిమీర వేసి పోపు పెట్టడమే. కొన్ని ఇళ్లలో వేయించిన నువ్వుల పొడి కూడా చల్లుతారు. ముద్దపప్పుతోనో పెసరపప్పు కిచిడీతోనో తింటే వేరే కూర అక్కరలేదు.

బెల్లం: రంగు చూసి మోసపోవద్దు

శ్రీరామనవమినాడు ప్రతి పందిట్లోనూ పానకం, వడపప్పు. బెల్లం నీటిలో కరగబెట్టి వడగట్టి, మిరియాల పొడి, యాలకుల పొడి, కొందరు శొంఠి పొడి కూడా కలుపుతారు. పెసరపప్పు రెండు గంటలు నానబెట్టి నీళ్లు వంచి, కొబ్బరి తురుము, మామిడి తురుము, పచ్చిమిర్చి, ఉప్పు కలిపితే వడపప్పు. నవమి ఒక్క రోజే పండుగ అయినా ఎండలు ముదిరే కొద్దీ చాలా ఇళ్లలో సాయంత్రం పానకం ఆనవాయితీగా సాగుతుంది. మిరియాలు కేరళ, కర్ణాటక కొండల నుంచి వస్తాయి. పాడేరు మన్యంలో కాఫీ తోటల్లోని నీడ చెట్లకు పాకించిన మిరియం కూడా ఇప్పుడు బజారుకు వస్తున్నది.

బెల్లానికి అనకాపల్లి పేరు దేశమంతటా తెలిసినదే. అక్కడి రాబడులు వెనుకటితో పోలిస్తే బాగా తగ్గాయి. చెరకు తోట విస్తీర్ణం తగ్గడం, గానుగాడే కూలి దొరకకపోవడం అందుకు కారణాలు. వేలంలో దిమ్మ రంగును బట్టి ధర కడతారు. పచ్చగా మెరిసే దిమ్మకు పోటీ ఎక్కువ. ఆ మెరుపు కోసం కొందరు వంటసాలల్లో హైడ్రోస్ హెచ్చుగా వాడతారు. బెల్లంలో గంధకపు అవశేషం పది లక్షల పాళ్లకు 70 పాళ్లు మించరాదని ఆహార ప్రమాణాల నిబంధన. నల్లబెల్లం తక్కువ రకమనే అపోహ బజారులో వుంది కాని పానకం రుచి తెలిసిన ఇళ్లవారు ముదురు రంగు దిమ్మనే అడిగి తీసుకుంటారు. చిన్న పరీక్ష చాలు: గ్లాసు నీటిలో గడ్డ వేసి కరిగించి కాసేపు కదపకుండా వుంచితే, సుద్దగాని మట్టిగాని వుంటే అడుగుకు చేరుతుంది.

కందిపప్పు: మామిడికాయ పప్పు పెట్టే పరీక్ష

చైత్ర వైశాఖాల్లో తెలుగింట మామిడికాయ పప్పు వండని వారం వుండదు. పప్పు ముందు ఉడకాలి. ముప్పాతిక వంతు మెత్తబడిన తరువాతనే మామిడి ముక్కలు, పచ్చిమిర్చి, పసుపు వేయాలి. పులుపు ముందుగా పడితే పప్పు బిగిసి ఎంతసేపటికీ మెదగదు. చివర ఉప్పు వేసి ఎనిపి, ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకులతో పోపు. దోసకాయతోనూ ఇదే పద్ధతి. కాకపోతే దోసకాయ చేదు ముందే చూసుకోవాలి.

ఇక్కడ వర్తకుడు గుర్తించవలసినది ఒకటి వుంది. ఎన్ని కూతలు వచ్చినా ఉడకని పప్పు తిరిగి కొట్టుకు వస్తుంది. వేడిలో, తేమలో చాలాకాలం నిల్వ వున్న అపరాలకు ఆ గుణం వస్తుంది. పాత నిల్వను కొత్తదానితో కలిపి సరాసరి ధరకు అమ్మడం తూకంలో లాభంగా కనబడుతుంది. వంటింట్లో మాత్రం సగం పప్పు మెదిగి సగం పలుకుగా నిలుస్తుంది. తాండూరు కందిపప్పుకు 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు లభించింది. త్వరగా ఉడుకుతుందన్న పేరే ఆ రకానికి గిరాకి తెచ్చింది. ఇక కేసరి పప్పు కలపడం అనే పాత రోగం సంగతి. 1961 నుంచే చాలా రాష్ట్రాల్లో దాని అమ్మకంపై నిషేధం వున్నది. కాళ్లు చచ్చుబడే జబ్బుకు కారణమైన సరుకు అది. కందిలో దాన్ని కలిపేవాడిని తోటి వర్తకులే యార్డు నుంచి సాగనంపాలి.

అపరాల వాయిదా వ్యాపారం చరిత్ర పాఠకులకు గుర్తుండే వుంటుంది. కంది, మినుము వాయిదాలను 2007 జనవరిలో నిలిపివేశారు. 2021 డిసెంబరులో సెబీ ఉత్తర్వుతో శనగ, ఆవాలు, పెసలతో సహా ఏడు సరుకుల వాయిదాలు ఆగాయి. ఆ గడువు తరువాత పలుమార్లు పొడిగించారు. వాయిదా బోర్డు వున్నా లేకున్నా వంటింటి గిరాకికి పంచాంగమే బోర్డు. ఏ తిథికి ఏ దినుసు కదులుతుందో అనుభవమున్న పచారీ వర్తకుడు వేళ్ల మీద చెప్పగలడు.

మజ్జిగ పులుసు, పసుపు

ఎండలు ముదిరాక కూరల ధరలు పైకి, ఆకలి కిందికి. అప్పుడు మజ్జిగ పులుసు ఆదుకుంటుంది. సొరకాయ ముక్కలు పసుపు, ఉప్పు వేసి ఉడికించుకోవాలి. నానబెట్టిన శనగపప్పు, అల్లం, పచ్చిమిర్చి, కాస్త ధనియాలు కలిపి నూరి, చిలికిన పుల్లమజ్జిగలో కలపాలి. ముక్కలతో చేర్చి సన్నని సెగ మీద పొంగు రానిచ్చి దింపాలి. సెగ ఎక్కువైతే మజ్జిగ విరుగుతుంది. పెరుగు వడలు చేసుకునే ఇంట్లో ఇంచుమించు ఇవే దినుసులు, అదనంగా మినపప్పు.

ఇందులో పసుపు చిటికెడే. కాని ఆ చిటికెడే రంగు. దుగ్గిరాల, నిజామాబాదు యార్డుల కొత్త పసుపు సరిగ్గా ఈ రోజుల్లోనే బజారుకు వస్తుంది. జాతీయ పసుపు బోర్డు 2025లో నిజామాబాదు కేంద్రంగా మొదలైంది. రైతుకు, ఎగుమతిదారుకు అది ఎంత మేలు చేస్తుందన్నది వేరే చర్చ. గృహిణి కోరేది ఒక్కటే: కొమ్ము కొని ఆడించుకున్నా, పొడి కొన్నా, వేసిన పసుపు మజ్జిగను పచ్చగా చేయాలి, గిన్నెకు అంటుకునే వేరే రంగు వుండకూడదు.

యార్డులో మధ్యాహ్న భోజనం

ఇంటి వంట గురించి రాస్తూ యార్డు సంగతి మరవరాదు. ఏప్రిల్, మే నెలల్లో గుంటూరు మిర్చి యార్డులో ఒక్కో టిక్కీ 40 నుంచి 45 కిలోలు. ఘాటుకు తుమ్ములు, కళ్ల మంట. రేకుల షెడ్ల కింద ఉక్క. అటువంటి చోట పగలంతా బరువు మోసే హమాలీ ఇంటి నుంచి తెచ్చుకునేది చాలాసార్లు చద్దన్నమే. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లుగాని మజ్జిగగాని పోసి వుంచి, తెల్లవారి ఉప్పు, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయతో తినే భోజనం అది. రాయలసీమ వారైతే రాగి అంబలి, తెలంగాణ వారైతే జొన్న అంబలి తెచ్చుకుంటారు. రాగిపిండి ముందురాత్రి నీటిలో కలిపి పులియబెట్టి, మర్నాడు నూకలతో కలిపి కాచి, చల్లారాక మజ్జిగ పోస్తే అంబలి. నీరు, ఉప్పు, బలం మూడూ ఒక్క చెంబులో దొరుకుతాయి. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపిన తరువాత రాగులు, కొర్రలు పట్టణాల దుకాణాల్లో అద్దాల అరల్లోకి ఎక్కాయి. హమాలీ చెంబులో అవి ఎప్పటినుంచో వున్నాయి.

గుమాస్తాలు, దళారులు, కొందరు వర్తకులు మధ్యాహ్నం హోటలులో నూనె కారే బిర్యానీ తిని, పైన శీతల పానీయం తాగి, వేలం వేళకు కునికిపాట్లు పడడం మనం చూస్తూనే వున్నాం. అదే కొట్టులో ఒక కుండ మజ్జిగ, నిమ్మకాయలు, ఉప్పు, దంచిన అల్లం, కరివేపాకు పెట్టిస్తే ఖర్చు ఒక బస్తా మీద తరుగుకు కూడా సరిరాదు. ఆ కుండ యజమానికీ హమాలీకీ ఒకటే అయితే మరీ మంచిది. వడదెబ్బ తగిలి మనిషి పడిపోతే ఆ రోజు కాటా ఆగడం అటుంచి, ఒక ఇంటి పొయ్యి ఆగుతుంది. ఈ మాట ప్రతి కమీషను కొట్టు యజమాని ఏప్రిల్ మొదటి వారంలోనే గుర్తుచేసుకోవాలి.

వడియాల ఎండ

వేసవి ఎండను నిల్వ చేసుకునే పద్ధతి వడియాలు. గుమ్మడి వడియాలకు బూడిద గుమ్మడికాయ ముక్కలు ఉప్పు చల్లి మూటగట్టి నీరు పిండుతారు. పొట్టు మినపప్పు నానబెట్టి గట్టిగా రుబ్బి, పచ్చిమిర్చి, అల్లం, జీలకర్ర చేర్చి, ముక్కలు కలిపి గుడ్డ మీద పెట్టి రెండు మూడు గట్టి ఎండలు ఎండనిస్తారు. సగ్గుబియ్యం వడియాలు ఇంకా తేలిక. సగ్గుబియ్యం నానబెట్టి, నీటిలో అద్దంలా మెరిసేదాకా ఉడికించి, ఉప్పు, జీలకర్ర, పచ్చిమిర్చి ముద్ద కలిపి గరిటెతో వరసగా పోయడమే.

చల్లమిరపకాయలకు పచ్చిమిరపకాయలు నిలువునా గాటు పెట్టి, ఉప్పు కలిపిన పుల్లమజ్జిగలో మూడు రోజులు ఊరనివ్వాలి. తరువాత పగలు ఎండబెట్టి, రాత్రి మళ్లీ అదే మజ్జిగలో వేస్తూ, మజ్జిగంతా పీల్చుకునే దాకా ఇలాగే చేయాలి. చివరకు గలగలలాడేలా ఎండితే ఏడాదంతా పెరుగన్నానికి తోడు.

ఈ మూడింటికీ కావలసిన సరుకు మన దగ్గరే దండిగా వుంది. కృష్ణా డెల్టాలో వరి కోసిన మాగాణుల్లో పండే మినుము ఫిబ్రవరి, మార్చిలో వస్తుంది. తెనాలి మిల్లుల మినపగుళ్లకు తమిళనాడు దాకా గిరాకి. సగ్గుబియ్యానికి సామర్లకోట, పెద్దాపురం పరిసరాల కర్రపెండలం మిల్లులు ఆధారం. సేలం సరుకు పోటీ ఎప్పుడూ వుండేదే. ఉప్పుకు చినగంజాం, నౌపడ కొఠార్లు. జీలకర్ర గుజరాతులోని ఊంఝా నుంచి రావలసిందే. వడియాల గిరాకి గట్టి ఎండ వున్నన్నాళ్లే. మబ్బు పట్టిన వారం మినపప్పు చిల్లర అమ్మకం మందగిస్తుంది. ఎండ తేలగానే మళ్లీ పుంజుకుంటుంది.

ఆవకాయ: ఏడాది పెట్టుబడి

వేసవి చీటీలో పెద్ద పద్దు ఆవకాయ. మిగతా వంటలు ఆ పూటకు. ఇది పై ఏడాది దాకా. నున్న మామిడి మార్కెట్టులో, ఊరూరా సంతల్లో, టెంక గట్టిపడిన పుల్లని కాయ కోసం గృహస్థులు ఏప్రిల్ చివరి నుంచి తిరుగుతారు. చిన్నరసాలు, జలాలు, తెల్లగులాబి, ఉత్తరాంధ్రలో సువర్ణరేఖ, ఎవరి ఇంటి పట్టుదల వారిది. కాయ కడిగి, తడి లేకుండా తుడిచి, టెంకతో సహా ముక్కలు కొట్టి, జీడి, లోపలి పొర తీసివేస్తారు.

పాళ్లు ఇంటికొక తీరు. కొలతతో వేసేవారు నాలుగు కొలతల ముక్కలకు కారం, ఆవపిండి, ఉప్పు ఒక్కొక్క కొలత చొప్పున వేసి, ఉప్పు ఒక పిడికెడు తగ్గిస్తారు. తూకం మీద చెప్పాలంటే కిలో ముక్కలకు ఒక్కొక్క దినుసు పావుకిలో లోపు, నువ్వుల నూనె అరకిలో దాకా. మెంతులు గుప్పెడు, ఇష్టమైతే శనగలు, వెల్లుల్లి. మూడో రోజున తిరగకలిపి ఉప్పు చూసి, ముక్క మునిగేలా నూనె పోసి జాడీ మూత కడతారు.

వర్తకులు గమనించవలసిన లెక్క ఒకటి. ఒక సంసారం అయిదు కిలోల ముక్కలు పెడుతుందనుకుందాం. కారం కిలోంబావు, ఆవాలు కిలోంబావు, ఉప్పు కిలోంబావు, నూనె రెండున్నర కిలోలు. వెయ్యి సంసారాలున్న ఒక పేటకు కారం పన్నెండున్నర క్వింటాళ్లు. తొడిమ, తరుగు పోను దానికి ముప్పయికి మించిన టిక్కీలు కావాలి. నూనె ఇరవై అయిదు క్వింటాళ్లు, అంటే పదిహేను కిలోల డబ్బాలు 167. ఇదంతా మూడు నాలుగు వారాల్లో, రొక్కం మీద, చిల్లరగా కదిలే సరుకు. సీసా ఆవకాయ కొనుక్కునే ఇళ్లు పెరుగుతున్న మాట నిజమే. ఆ సీసాలు నింపేవారికీ ఈ దినుసులే కావాలి. కాకపోతే కొనే చేయి మారుతుంది, చీటీ పెద్దదవుతుంది.

కారానికి లాం ఫారం రకమైన 334 కోస్తా ఇళ్లలో చాలాకాలంగా అలవాటు. ఘాటు కోరేవారు తేజ కలుపుతారు. రంగు కోరేవారు బ్యాడిగి గాని, 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాటా గాని కలుపుతారు. ఆవాలు రాజస్థాన్ నుంచి ఫిబ్రవరి, మార్చి మొదలు వస్తాయి. వాటిని ఎండబెట్టి దంచాలే గాని వేయించరాదు. మిల్లులో వేడెక్కినా పిండి చేదెక్కుతుంది.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. ఈ వ్యాసకర్త చిన్నతనంలో ఒక వేసవి, అమ్మ మా ఊరి కొట్టులోనే కారం కొన్నది. ఏళ్ల తరబడి ఖాతా వున్న కొట్టు. ఆ ఏడు కారం మరీ ఎర్రగా, గుప్పిట పడితే ముద్ద కట్టేలా వుంది. అమ్మ ఒకసారి వాసన చూసి, తెలిసిన కొట్టేగదా అని వేసేసింది. ఆషాఢంలో మూత విప్పితే పైన తెల్లటి బూజు. పైపొర తీసి చూసింది, నూనె కాచి పోసి చూసింది. వారానికి వాసన మారింది. రెండు జాడీలు పెరట్లో గొయ్యి తీసి పూడ్చింది. ఆ ఏడాదంతా మా నలుగురు పిల్లలం మజ్జిగన్నంలోకి ఉప్పు, పచ్చిమిరపకాయ నంజుకున్నాం. అమ్మ కొట్టుకు వెళ్లి తగవు పడలేదు, ఎవరితోనూ చెప్పుకోలేదు. పై ఉగాది నుంచి చీటీ మాత్రం వేరే కొట్టుకు వెళ్లింది. ఒక ఖాతా ఎందుకు పోయిందో ఆ కొట్టాయనకు తెలిసే దారి లేకపోయింది.

వ్యాపారంలోకి వచ్చాక ఆ తడి ఎక్కడిదో అర్థమైంది. ఎండిన కాయ విరగకుండా టిక్కీలో తొక్కడానికి నీళ్లు చల్లుతారు. తూకం కోసం మరి రెండు చెంబులు ఎక్కువ చల్లేవారూ వున్నారు. ఎండుమిర్చిలో గాని పొడిలో గాని తేమ 11 శాతం మించరాదన్నది ఆహార ప్రమాణం. మించితే బూజు పడుతుంది, బూజుతోపాటు అఫ్లటాక్సిన్ అనే విషం చేరుతుంది. ఎగుమతి సరుకు తిరిగి రావడానికి అదొక ముఖ్య కారణం. 2003లో ఐరోపాలో మన కారంలో సుడాన్ రంగు పట్టుబడినప్పుడు కొందరు చేసిన పనికి గుంటూరు పేరంతా దెబ్బతిన్నది. ఆ తరువాతనే ఎగుమతి సరుకుకు పరీక్ష తప్పనిసరి అయింది. విదేశీ కొనుగోలుదారు చేతిలో పరీక్షశాల వుంది. మన ఇంటి గృహిణి చేతిలో నమ్మకం తప్ప మరొకటి లేదు.

ఆవాల విషయంలో ఇంకొక జాగ్రత్త. బ్రహ్మదండి గింజ చూపుకు ఆవగింజలాగే వుంటుంది. ఆవగింజ నున్నగా గుండ్రంగా వుంటే, అది గరుకుగా వుంటుంది. 1998లో ఢిల్లీలో ఆ కల్తీ కలిసిన ఆవనూనె తిని జనం ఒళ్లు వాచి ఆసుపత్రుల పాలయ్యారు, పలువురు చనిపోయారు. జల్లెడ పట్టని ఆవాలను ఆవకాయ రోజుల్లో బయటకు పంపరాదు. నూనెలోనూ అంతే. పప్పునూనె అని అమ్మిన డబ్బాలో చవక నూనె కలిసి వుంటే, జాడీ మూత తీసినప్పుడు వచ్చే వాసనే సాక్షి.

చీటీ ముగింపు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలోనే మాగాయ ముక్కలు ఎండుతాయి. చెక్కు తీసిన మామిడి ముక్కలను ఉప్పు, పసుపులో మూడు రోజులు ఊరవేసి, పిండి ఎండబెట్టి, ఊటను విడిగా ఎండలో వుంచి, తిరిగి కారం, మెంతిపిండి, ఇంగువ పోపుతో కలిపితే మాగాయ. దాంతో చీటీలో ఆఖరి పద్దులు మెంతులు, ఇంగువ. మనం వాడే ఇంగువ పాలు చాలా భాగం అఫ్ఘనిస్థాన్, ఇరాన్, ఉజ్బెకిస్థాన్ల నుంచి దిగుమతి అయ్యేవే. హిమాచల్ లాహౌల్ లోయలో 2020 అక్టోబరులో మొక్కలు నాటి మన దేశంలో సాగు ప్రయత్నం మొదలుపెట్టారు.

మే నెలలో గుంటూరు యార్డుకు ఏటా వేసవి సెలవులు ఇవ్వడం ఆనవాయితీ. శీతల గిడ్డంగుల సరుకు తప్ప కొత్త రాబడి వుండదు. కనుక ఆవకాయ గిరాకికి కారం సమకూర్చుకునేవారు ఏప్రిల్‌లోనే ఆరిన, తాలు కలవని కాయ చూసి తీసుకోవడం మేలు. ఆవాలు జల్లెడ పట్టించి, నూనె గానుగ పేరు తెలుసుకొని, చింతపండు కొత్తది పాతది వేరుగా పెట్టి అమ్మితే తరువాతి ఏడు చీటీ తిరిగి అదే గుమ్మానికి వస్తుంది.

జూన్ మొదటి వారం దాటి మృగశిర ప్రవేశించేసరికి జాడీల మూతలకు గుడ్డలు కడతారు. తొలకరి చినుకుతో వడియాల గుడ్డలు మడతపడతాయి. ఆ వైపు గృహస్థు కొనుగోళ్లు ముగిసినట్టే. అప్పటిదాకా చింతపండు, కారం, ఆవాలు, నువ్వుల నూనెల చిల్లర గిరాకి నిలకడగా వుంటుంది. జాడీ మూత విప్పేది మాత్రం ఆషాఢంలో. మనం ఇచ్చిన సరుకు తీర్పు ఆ రోజున వస్తుంది.